ఆనందా, నారాయణా, రాజారావా: మొదట ఎవరిని చదవాలి?

భారతీయులు ఇంగ్లిషులో రాసిన నవలలు ఎక్కడ మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు. 1981లో వచ్చిన సల్మాన్ రష్దీ నవల 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' ఇప్పుడే వద్దు. ముందు పునాది చూడాలి. ముల్క్‌రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్', ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వచ్చాయి. రాజారావు 'కాంతాపుర' 1938 నాటిది.

హాయిగా చదివించేది నారాయణ్. ఆయన కల్పించిన మాల్గుడి ఊరు అందరికీ తెలిసిందే, ఎప్పుడైనా చదువుకోవచ్చు.

కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది ఆనంద్ నవల. పాకీ పని చేసే బఖా జీవితంలో ఒక్క రోజు కథ అది. జిలేబీలు కొనుక్కుని, ఆ రుచిలో లోకం మరచి నడుస్తూ ఒక సవర్ణుడికి తగులుతాడు. తిట్లు, గుమిగూడిన జనం, చెంపదెబ్బ, మట్టిపాలైన జిలేబీలు. ఇంత చూపించినా, కథ చెబుతున్నది బఖా కాదు, చదువుకున్న రచయిత.

నాకు అదే ముఖ్యం: కథ ఎవరి నోట వస్తోంది? గాంధీ ఉద్యమం ఓ పల్లెను చేరిన కథ 'కాంతాపుర'. దాన్ని ఆ ఊరి అచ్చక్క అనే పెద్దావిడ చెబుతుంది. వాక్యం ఒక పట్టాన ఆగదు. మనుషులు మూలింటి మూర్తి, ముక్కు గోక్కునే నంజమ్మ అంటూ ఊరు పెట్టిన పేర్లతోనే వస్తారు. హరిదాసు కథలో శివుడికిలాగే స్వరాజ్యానికీ మూడు కళ్లు: ఆత్మశుద్ధి, హిందూ ముస్లిం ఐక్యత, ఖద్దరు. హరికథలు విన్న తెలుగువారికి ఇది పరాయి పుస్తకంలా అనిపించదు. రాజారావు కన్నడిగుడే అయినా చదువుకున్నది మన హైదరాబాద్ నిజాం కాలేజీలో. ఇంగ్లిషును ఇంత ధైర్యంగా మన అరుగు మీద కూర్చోబెట్టిన నవల ఆ ముగ్గురిలో ఆయనదే. అందుకే నా ఓటు దానికి. మొదటి పేజీలు కొరుకుడు పడకపోతే గొంతెత్తి చదవండి, లయ దొరుకుతుంది.

ఒక లోటు మాత్రం ఉంది. అచ్చక్క ఊరిని బ్రాహ్మణ వీధి నుంచే చూస్తుంది. గాంధీ శిష్యుడైన మూర్తి దళితుడైన రాచన్న ఇంట్లో అడుగుపెట్టి, వాళ్లిచ్చిన పాలు తాగడానికి తడబడతాడు. అతని లోపలి గుంజాటన మనకు తెలుస్తుంది కానీ, ఆ ఇంటివాళ్ల మనసులో ఏముందో తెలియదు. కాబట్టి 'కాంతాపుర' ముగించిన వెంటనే 'అన్‌టచబుల్' అందుకోండి, మధ్యలో మరో పుస్తకం వద్దు.