ఫార్మాట్ కొట్టించే ముందు షెల్‌ఎక్స్‌వ్యూ వాడి చూడండి

ఫోల్డర్ తెరిచినా, ఫైలు మీద రైట్ క్లిక్ చేసినా విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మూసుకుపోతోందా? అయితే ఈ రివ్యూ మీకోసమే. షెల్‌ఎక్స్‌వ్యూ అనేది నిర్‌సాఫ్ట్ సైట్‌లో దొరికే ఉచిత టూల్. నిర్ సోఫెర్ అనే ప్రోగ్రామర్ తయారుచేశారు. సైజు చూస్తే ఫోన్‌లో తీసిన ఒక ఫొటో అంత కూడా ఉండదు, ఇన్‌స్టాల్ చేయాల్సిన పని కూడా లేదు. నా సిస్టమ్‌ని ఫార్మాట్ (అంతా చెరిపేసి విండోస్ మళ్ళీ వేయడం) నుంచి తప్పించింది ఇదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, అప్పుడప్పుడు భజన పాటల పుస్తకాలు. కంపోజ్ చేసి, ప్రూఫ్ చూపించి, పీడీఎఫ్ గవర్నరుపేటలో ప్రెస్సుకి పంపిస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా ఫోల్డర్ల మధ్యే తిరుగుతుంటాను కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మొరాయిస్తే నా పని మొత్తం ఆగిపోయినట్టే.

సరిగ్గా ముహూర్తాల సీజన్‌లో మొదలైంది. పెళ్ళివాళ్ళు పంపిన ఫొటోల ఫోల్డర్ తెరిచి ఒక ఫొటో మీద రైట్ క్లిక్ చేస్తే మెనూ రాదు. నీలం రింగు తిరుగుతూ ఉంటుంది, విండో తెల్లగా పాలిపోతుంది, పైన నాట్ రెస్పాండింగ్ అని పడుతుంది. తర్వాత ఆ విండోతో పాటు కింద టాస్క్‌బార్, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు అన్నీ మాయం. కాసేపటికి అవి మళ్ళీ వస్తాయి గానీ, తెరిచి పెట్టుకున్న ఫోల్డర్లు మాత్రం రావు. అవతల ప్రెస్సు నుంచి "మేడమ్, ఫైలు పంపారా? ప్లేట్ వేయాలి" అని ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్ ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

దగ్గర్లో ఉన్న రిపేర్ షాపులో అడిగితే కుర్రాడు చూడకుండానే చెప్పేశాడు. "విండోస్ కరప్ట్ అయింది మేడమ్, ఫార్మాట్ కొట్టేద్దాం. ఒక్క పూటలో అయిపోద్ది." అతనికి ఒక్క పూటే. ఆ తర్వాత అను ఫాంట్లు వేసుకోవాలి, స్క్రిప్ట్ మేనేజర్ పెట్టుకోవాలి, కీబోర్డ్ లేఅవుట్ సరిచేసుకోవాలి, పేజ్‌మేకర్, కోరల్ మళ్ళీ ఎక్కించుకోవాలి. అను ఫాంట్లు ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంటు లేకుండా పాత ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. "మా పెద్దమ్మాయి పెళ్ళికి చేశారు కదండీ, అదే కార్డు పేర్లు మార్చి ఇవ్వండి" అని ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఫైళ్ళు తెరుచుకోవాలంటే ఈ సెటప్ చెక్కుచెదరకూడదు. ఫార్మాట్ వద్దన్నాను.

అసలు ఎక్స్‌ప్లోరర్ ఎందుకు కూలిపోతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మనం ఫైళ్ళు చూసే విండో, కింద టాస్క్‌బార్, డెస్క్‌టాప్ ఇవన్నీ మామూలుగా ఒకే ప్రోగ్రామ్ నడుపుతుంది. అందుకే ఒకటి పడితే అన్నీ పడతాయి. ఆ ప్రోగ్రామ్‌లోకి బయటి సాఫ్ట్‌వేర్లు తమ ముక్కలు దూర్చుకునే వీలు విండోస్ 95 నాటి నుంచీ ఉంది. వీటినే షెల్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. రైట్ క్లిక్ చేస్తే "జిప్‌లో పెట్టు", "వైరస్ స్కాన్ చెయ్యి" లాంటి లైన్లు కనిపిస్తాయి చూడండి, చాలావరకు అవి ఇవే. ఫైలు ఐకాన్ మూలన కనిపించే ఆకుపచ్చ టిక్కు, ప్రాపర్టీస్‌లో అదనంగా వచ్చే ట్యాబు కూడా ఇలాంటి ముక్కల పనే. చిక్కు ఏమిటంటే ఇవి చాలావరకు ఎక్స్‌ప్లోరర్ లోపలే నడుస్తాయి. మన వంటగదిలో పొయ్యి వెలిగించుకునే చనువు పదిమందికి ఇచ్చినట్టు. ఒకరు అజాగ్రత్తగా ఉన్నా మంట మన ఇంటికే. ఎవరి ముక్క వల్ల కూలినా, ఎర్రర్‌లో కనిపించే పేరు మాత్రం విండోస్ ఎక్స్‌ప్లోరర్‌దే.

టూల్ జోలికి వెళ్ళే ముందు ఒక చోట చూసుకోవాలి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొడితే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. రోజువారీ గ్రాఫు, క్రాష్ అయిన రోజున ఎర్ర గుర్తు. దాన్ని నొక్కి వివరాల్లోకి వెళ్తే ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ అనే లైను ఉంటుంది. అక్కడ ఏదైనా సాఫ్ట్‌వేర్‌కి చెందిన ఫైలు పేరు కనిపిస్తే మీ అదృష్టం, దొంగ దొరికినట్టే. నాకు మాత్రం ఎన్‌టీడీఎల్‌ఎల్ అనే విండోస్ సొంత ఫైలు పేరే కనిపించింది. ఇది చూసే చాలామంది విండోస్ పాడైందని తేల్చేస్తారు. అది సరికాదు. దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుకునే ఫైలు అది. ఎవరో పాడుచేసిన మెమరీ దాని దగ్గరకు వచ్చేసరికి బయటపడవచ్చు. పడిపోయిన చోటు అదే అయినా, తోసింది అదే అని రుజువు కాదు.

ఇక షెల్‌ఎక్స్‌వ్యూ. తెరవగానే సిస్టమ్‌లో ఉన్న షెల్ ఎక్స్‌టెన్షన్లన్నీ పెద్ద పట్టికగా వస్తాయి. పేరు, రకం, వివరణ, వెర్షన్, కంపెనీ, ఫైలు ఎక్కడుంది, ఆపి ఉందా లేదా అన్నీ వరసల్లో ఉంటాయి. మొదటిసారి చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఎందుకంటే విండోస్ సొంతవే వందల్లో ఉంటాయి. అక్కడ చేయాల్సిన మొదటి పని ఆప్షన్స్ మెనూలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్లను దాచేయడం. వెంటనే పట్టిక ఒక స్క్రీన్‌లో పట్టేంతకి తగ్గిపోతుంది. మిగిలినవన్నీ మనం ఎప్పుడో ఒకప్పుడు వేసుకున్న బయటి సాఫ్ట్‌వేర్లవే. దాచకుండా చూసినా బయటివాటిని గులాబీ రంగులో చూపిస్తుంది.

తర్వాత రకం అని ఉన్న వరస తల మీద నొక్కి సర్దుకోవాలి. ఈ టూల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ వరసే. రైట్ క్లిక్‌తోనే క్రాష్ అవుతుంటే ముందు కాంటెక్స్ట్ మెనూ, అంటే రైట్ క్లిక్ మెనూ రకం వాటిని అనుమానించాలి. ఏమీ నొక్కకుండా ఫోల్డర్ తెరవగానే పడిపోతుంటే ఐకాన్ ఓవర్‌లే (మూలన ఆకుపచ్చ టిక్కు లాంటివి), ఐకాన్ హ్యాండ్లర్ (ఫైలుకి ఏ ఐకాన్ చూపించాలో చెప్పేవి) రకాలు చూడాలి. నాది మొదటి రకం అని ముందే తెలుసు. ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైళ్ళు కనిపిస్తాయి, ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసినా ఏమీ కాదు, ఫొటో మీద నొక్కితేనే కూలుతుంది. లక్షణం ఇలా గమనించి పెట్టుకుంటే వెతకాల్సిన జాబితా బాగా తగ్గిపోతుంది.

ఇక్కడి నుంచి సగం సగం పద్ధతి. ముందుగా ఉన్నది ఉన్నట్టుగా పట్టికను ఒక టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసుకున్నాను, తర్వాత ఏది ఏ స్థితిలో ఉండేదో చూసుకోవడానికి. కంట్రోల్ నొక్కి పట్టుకుని కాంటెక్స్ట్ మెనూ వాటిలో పై సగం ఎంచుకుని ఎఫ్7 కొడితే అవి ఆగిపోతాయి. ఆపగానే ఫలితం కనిపించదు, ఎక్స్‌ప్లోరర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద నొక్కి రీస్టార్ట్ అంటే సరిపోతుంది, సిస్టమ్ మొత్తం ఆపి వేయక్కర్లేదు. తర్వాత అదే ఫోల్డర్, అదే ఫొటో, అదే రైట్ క్లిక్. క్రాష్ ఆగితే దొంగ ఆపిన సగంలో ఉన్నట్టు. ఆగకపోతే వదిలేసిన సగంలో ఉన్నట్టు. నాకు ఆగలేదు. పై సగాన్ని ఎఫ్8తో మళ్ళీ ఆన్ చేసి, కింది సగంలో సగం ఆపాను. అలా కుదించుకుంటూ పోతే చివరికి ఒక్క లైను మిగిలింది.

ఎప్పుడో ఒక పాత స్కానర్‌తో వచ్చిన ఫొటో సాఫ్ట్‌వేర్ అది. స్కానర్ ఇంట్లోంచి వెళ్ళిపోయింది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఉండిపోయింది. ఫొటో మీద రైట్ క్లిక్ చేస్తే "దీనితో ఎడిట్ చెయ్యి" అనే లైను చూపించడానికి దాని ముక్క ప్రతిసారీ ఎక్స్‌ప్లోరర్‌లోకి వచ్చేది. ఆ ఒక్క లైను ఆపి, మిగతావన్నీ ఆన్ చేసి, రీస్టార్ట్ కొట్టి ఫొటో మీద రైట్ క్లిక్ చేశాను. మెనూ టక్కున వచ్చింది. పక్క ఫొటో, ఇంకో ఫోల్డర్, పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు, అన్నిటి మీదా వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

ఇంకో లాభం నేను ఊహించనిది. కొన్నాళ్ళుగా ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ కొట్టి ఫైలు ఎంచుకోబోతే అదీ మూసుకుపోయేది. అది వేరే జబ్బు అనుకుని దాన్ని రెండోసారి ఇన్‌స్టాల్ చేయాలని కూర్చున్నాను. ఓపెన్, సేవ్ యాజ్ కొడితే వచ్చే ఫైళ్ళ విండోలో కూడా ఈ ఎక్స్‌టెన్షన్లే లోడ్ అవుతాయి, ఈసారి ఆ సాఫ్ట్‌వేర్ లోపల. అందుకే రెండు జబ్బులూ ఒక్క మందుతో పోయాయి. మీకూ ఎక్స్‌ప్లోరర్‌తో పాటు సేవ్ యాజ్ దగ్గర వేరే ప్రోగ్రాములు పడిపోతుంటే ఎక్స్‌టెన్షన్ మీదే గట్టిగా అనుమానపడండి.

ఇది అన్నిటికీ మందు కాదు. ఫోల్డర్లు చాలా నెమ్మదిగా తెరుచుకుంటూ, ఫైళ్ళు కాపీ అయ్యేటప్పుడు రీడ్ ఎర్రర్లు వస్తుంటే ముందు హార్డ్ డిస్క్ సంగతి చూసుకోవాలి. అన్నిటికంటే ముందు బ్యాకప్. విండోస్ ఫైళ్ళే నిజంగా పాడైతే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ అనే సొంత పరీక్ష విండోస్‌లోనే ఉంది, అది నడపాలి. నేను ముందు అదే నడిపాను, ఏ లోపమూ లేదంది. సిస్టమ్ ఆన్ కాగానే మొదలయ్యే స్టార్టప్ ప్రోగ్రాములు, వెనకాల నడిచే సర్వీసులు ఆపి చూసే క్లీన్ బూట్ కూడా చాలామంది చెబుతారు. దానికి ఒక హద్దు ఉంది. ఎక్స్‌టెన్షన్లు స్టార్టప్ ప్రోగ్రాములు కావు, సర్వీసులూ కావు. వాటిని ఆపినా ఎక్స్‌టెన్షన్ ముక్క రైట్ క్లిక్ దగ్గర లోడ్ అవుతూనే ఉంటుంది.

పని మధ్యలో ఉండి ఇదంతా చేసే తీరిక లేకపోతే తాత్కాలికంగా ఒక ఉపాయం ఉంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబు కింద, ఫోల్డర్ విండోలను వేరే ప్రాసెస్‌లో నడిపే ఆప్షన్ ఉంటుంది. అక్కడ టిక్ పెడితే ఫోల్డర్ కూలినా సాధారణంగా టాస్క్‌బార్, డెస్క్‌టాప్ నిలబడతాయి. జబ్బు తగ్గదు గానీ ఆ పూట పని గడుస్తుంది.

ఇదే పని ఆటోరన్స్ అనే ఇంకో టూల్‌తో కూడా చేయవచ్చు. అది సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళది, 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుక్కుంది కాబట్టి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది. అందులో ఎక్స్‌ప్లోరర్ అనే ట్యాబు ఉంది, టిక్కు తీసేస్తే ఎక్స్‌టెన్షన్ ఆగుతుంది. ఫైలు నిజంగా ఆ కంపెనీదేనని చెప్పే డిజిటల్ సంతకం సరైనదో కాదో కూడా చూపిస్తుంది, భద్రత పరంగా అది మెరుగు. కానీ స్టార్టప్ దగ్గర్నుంచి డ్రైవర్ల దాకా అన్నీ ఒకేచోట ఉంటాయి. పొరపాటున వేరే ట్యాబులో టిక్కు తీస్తే కొత్త తలనొప్పి. ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే సమస్య అయినప్పుడు నా ఓటు షెల్‌ఎక్స్‌వ్యూకే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చూడటానికి పాతకాలపు టూల్. ఏ ఎక్స్‌టెన్షన్ ప్రమాదమో, దేన్ని ముట్టుకోకూడదో చెప్పదు. దాచిన మైక్రోసాఫ్ట్ వాటిని బయటికి తెచ్చి అడ్డదిడ్డంగా ఆపితే ఎక్స్‌ప్లోరర్‌లో మనకు అవసరమైనవే పనిచేయకుండా పోతాయి, కాబట్టి వాటి జోలికి వెళ్ళకండి. ఈ సగం సగం పద్ధతిని టూల్ తనంతట తాను చేసిపెట్టదు, మనమే కాగితం మీద రాసుకుంటూ చేయాలి. అలాంటి బటన్ ఒకటి ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వాడగలిగేవారు.

దింపుకునేటప్పుడు నిర్‌సాఫ్ట్ సొంత సైట్ నుంచే దింపుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్ల నుంచి వద్దు. మీ విండోస్ 64 బిట్ అయితే 64 బిట్ వెర్షనే తీసుకోవాలి. ఇదే సైట్‌లో పాస్‌వర్డులు వెలికితీసే టూల్స్ కూడా ఉండటం వల్ల కొన్ని యాంటీవైరస్‌లు నిర్‌సాఫ్ట్ పేరు చూస్తేనే హెచ్చరిక ఇస్తుంటాయి. అలా వస్తే యాంటీవైరస్ మొత్తం ఆపేయకండి, ఆ ఒక్క ఫైలు ఎక్కడి నుంచి దింపారో చూసుకుని నిర్ణయించుకోండి. జిప్ విప్పి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి. దొంగ దొరికాక ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఉంటే అప్‌డేట్ చేసి చూడండి, అప్పటికీ పడిపోతుంటే ఎక్స్‌టెన్షన్‌ని ఆపి ఉంచినా నష్టం లేదు. సాఫ్ట్‌వేర్ దాని విండోలో మామూలుగానే పనిచేస్తుంది, రైట్ క్లిక్‌లో లైను మాత్రం రాదు. నాకు ఆ స్కానర్ సాఫ్ట్‌వేర్‌తో పని లేదు కాబట్టి పూర్తిగా తీసేశాను.