డ్రాగ్ కారుకు మాన్యువల్ స్టీరింగ్ ర్యాక్: 15:1 మేలా, 20:1 మేలా, పాత పవర్ ర్యాక్‌నే సవరించి వాడుకోవడం మేలా?

1979 నుంచి 1993 వరకు ఫోర్డ్ తయారుచేసిన ఫాక్స్ బాడీ మస్టాంగ్ అమెరికా డ్రాగ్ స్ట్రిప్పుల (సూటి దారిలో కొద్ది దూరం పందెం పెట్టే ట్రాకుల) మీద నేటికీ విరివిగా కనిపిస్తుంది. ఆ కారును పందేనికి సిద్ధం చేసేవారు మొదట తీసివేసే వాటిలో పవర్ స్టీరింగ్ పంపు ఒకటి. పంపు, బ్రాకెట్, గొట్టాలు, ఆయిల్ అన్నీ పోతే కారు ముందుభాగం తేలికవుతుంది, పంపును తిప్పడానికి ఖర్చయ్యే ఇంజను శక్తి మిగులుతుంది. ఆ తరువాత ర్యాక్ (స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కకు జరిగి ముందు చక్రాలను తిప్పే పళ్ళ కడ్డీ) విషయంలో మూడు దారులున్నాయి. ఉన్న పవర్ ర్యాక్‌నే పంపు లేకుండా వాడుకోవచ్చు. లేదా మాన్యువల్‌గానే తయారైన ర్యాక్‌ను 15:1 నిష్పత్తిలో గాని, 20:1 నిష్పత్తిలో గాని కొనుక్కోవచ్చు.

మొదటి దారిలో ఖర్చు దాదాపు ఏమీ ఉండదు కనుక చాలామంది అక్కడే మొదలుపెడతారు. డాలస్ ప్రాంతంలో ఉంటూ ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్‌కు కారు తీసుకువెళ్ళే నేను కూడా మొదటి ఏడాది అలాగే నడిపాను. పవర్ ర్యాక్‌లో స్టీరింగ్ షాఫ్టుకూ పినియన్‌కూ (ర్యాక్‌ను జరిపే చిన్న పళ్ళ చక్రానికీ) మధ్య సన్నని టార్షన్ బార్ ఒకటి ఉంటుంది. చేతి బలానికి అది కొద్దిగా మెలితిరిగితేనే వాల్వు తెరుచుకుని ఆయిల్ ఒత్తిడి సాయానికి వస్తుంది. పంపు లేనప్పుడు ఆ మెలికకు అర్థం ఉండదు, కానీ మెలిక మాత్రం పోదు. ఒకనాడు గ్యారేజీలో స్టీరింగ్ చక్రం అంచు మీద సుద్దతో గీత గీసి మెల్లగా తిప్పి చూశాను. గీత రెండు వేళ్ళ వెడల్పు జరిగిన తరువాతే ముందు టైరు కదిలింది. గంటకు 130 మైళ్ళ వేగంలో కారు సెకనుకు సుమారు 190 అడుగులు పోతుంది. అంత వేగంలో ఆ రెండు వేళ్ళ వదులును నమ్ముకోవడం నాకు సమ్మతం కాలేదు.

పవర్ ర్యాక్‌కు మరో చిక్కు కూడా ఉంది. లోపలి పిస్టన్ కదిలినప్పుడల్లా ఒక గదిలోని ద్రవాన్ని రెండో గదిలోకి నెట్టాలి. రంధ్రాలను మూసివేస్తే ఆ ద్రవం కదలక స్టీరింగ్ బిగుసుకుంటుంది. రెండింటినీ గొట్టంతో కలిపితే కొంత నయం గాని, సీలు రాపిడి మిగిలే ఉంటుంది. ర్యాక్ విప్పి, పిస్టన్ సీలు తీసివేసి, వాల్వును వెల్డింగుతో బిగించేవారు ఉన్నారు. ఆ పని చేసిన ర్యాక్ బాగానే తిరుగుతుంది. అయితే ప్రాణం ఆధారపడిన షాఫ్టుకు వేడి పెట్టడం, అదీ ఉక్కు గట్టిదనం ఏమైందో కొలిచే సాధనం లేకుండా పెట్టడం, నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇక కొత్త మాన్యువల్ ర్యాకుల విషయం. 15:1 అంటే ముందు చక్రం ఒక డిగ్రీ తిరగడానికి చేతిలోని చక్రం 15 డిగ్రీలు తిరగాలి. 20:1లో 20 డిగ్రీలు. చేతులు పట్టు మార్చకుండా సౌకర్యంగా తిప్పగలిగేది సుమారు 90 డిగ్రీలు అనుకుంటే, మొదటిదానిలో ముందు చక్రాలు 6 డిగ్రీలు, రెండోదానిలో నాలుగున్నర డిగ్రీలు తిరుగుతాయి. వెనుక టైర్లు పట్టు తప్పి కారు పక్కకు జారినప్పుడు ఈ ఒకటిన్నర డిగ్రీ తేడా చాలా విలువైనది, ఎందుకంటే ఆ క్షణంలో చేయి మార్చి పట్టుకునే వ్యవధి ఉండదు. 20:1 పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది: ముందు చక్రాలు గాలిలోకి లేచి తిరిగి నేలను తాకేటప్పుడు చేయి పొరపాటున 15 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే, 15:1లో అది ఒక డిగ్రీ తప్పు, 20:1లో ముప్పావు డిగ్రీయే.

స్టీరింగ్ తిప్పడంలో చేతికి తగిలే బరువు సంగతి చూస్తే, మిగతావన్నీ సమానమైనప్పుడు 15:1కు మూడో వంతు ఎక్కువ బలం కావాలి. 15 అంగుళాల స్టీరింగ్ చక్రం తీసి 13 అంగుళాలది పెడితే ఇంకో 15 శాతం చేరుతుంది. కాస్టర్ కోణం (స్టీరింగ్‌తో ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) పెంచితే కారు సూటిగా పోతుంది గాని చేతికి బరువూ పెరుగుతుంది. అయినా పందెం కారుకు ముందు వేసేది నాలుగున్నర అంగుళాల సన్నటి టైరు. అది నేలను పట్టుకునే వెడల్పే తక్కువ కనుక, కారు కదలడం మొదలైందంటే 15:1 కూడా బరువనిపించదు. స్ట్రిప్ మీద తప్ప మరెక్కడా నడవని కారుకు నేను 15:1నే ఎంచుకుంటాను. అదే కారు వెడల్పు టైర్లతో ఊళ్ళో తిరిగి, కిరాణా దుకాణం ముందు ఆగి, వారాంతంలో పందేనికి పోయేదైతే 20:1 కొనడమే సరి.

ఫోర్డ్ వారి పాత చిన్న కారు పింటో ర్యాక్ గురించి కూడా అడుగుతారు. అది పొట్టిది, తేలికైనది, గొట్టాలతో కట్టిన పూర్తి పందెం చాసిస్‌కు తగినది. ఫాక్స్ కే-మెంబర్ (ఇంజనునూ ర్యాక్‌నూ మోసే ముందు చట్రం) మీద ఉన్నపళంగా కూర్చోదు.

ఏ ర్యాక్ తెచ్చినా, దాని టై రాడ్ల (ర్యాక్‌ను చక్రాలకు కలిపే కడ్డీల) లోపలి కీళ్ళ మధ్య దూరాన్ని పాతదానితో పోల్చి కొలవాలి. లాంచ్‌లో (పందెం మొదట్లో కారు ముందుకు దూకేటప్పుడు) కారు ముక్కు అంగుళాల మేర పైకి లేచినప్పుడు టై రాడ్డు గీసే వంపు, కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని చట్రానికి కట్టి ఉంచే చేయి) గీసే వంపుతో కలవకపోతే, చేయి కదలకుండానే చక్రాలు తిరుగుతాయి. బంప్ స్టీర్ అనేది ఇదే. స్ప్రింగులు తీసివేసి, జాకీతో చక్రాన్ని అంగుళం అంగుళం చొప్పున లేపుతూ టో (చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉన్న మేర) కొలిస్తే అది బయటపడుతుంది. రబ్బరు బుష్‌ల స్థానంలో అల్యూమినియంవి వేస్తే ర్యాక్ తన చోటునుంచి జరగదు. షాఫ్టు చివరి పళ్ళ కొలత ర్యాక్‌ను బట్టి మారుతుంది కనుక, కప్లింగును (స్టీరింగ్ షాఫ్టును ర్యాక్‌కు కలిపే ముక్కను) ర్యాక్ చేతికి వచ్చాకే కొనాలి. దాన్ని బిగించే బోల్టు రెండు వైపులా బయటికి కనిపించేలా పూర్తిగా దూరి ఉండాలి.