ఇంట్లో కుట్టుకున్న కబాయి, కుళ్ళాయి: ఏళ్ల తరబడి వాడాక

రాయలవారి కాలం బట్టలు చేత్తో కుట్టుకోవడం నాకో సరదా. వాటిలో ఎక్కువగా తొడిగింది తెల్ల కబాయి. పొడుగు చేతులతో మడమల దాకా దిగే అంగీ అది. దానికి జోడీ నెత్తిన నిటారుగా నిలబడే కుళ్ళాయి. నెల్లూరు ఎండల్లో, ముసుర్లో రెండూ బాగా వాడాను కాబట్టి ఏది పనికొచ్చిందో, ఏది సతాయించిందో చెప్తాను.

నమూనా లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మలే. అందులో కొలువులోని మగవాళ్ల కబాయిలు చాలావరకు తెల్లటి పల్చటి బట్ట. సినిమాల్లో రాజులకు వేసే జిగేల్‌మనే మఖమల్ కోట్లకూ వీటికీ పోలికే లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ కూడా, కృష్ణదేవరాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టల్లో ఉన్నాడనే రాశాడు. ఆ గులాబీల జోలికి నేను పోలేదు, అంత ఓపిక లేదు. మా పక్కన పాటూరులో మగ్గాలున్నా అక్కడ చీరలే ఎక్కువ, అందుకని మంగళగిరి తెల్ల కాటన్ తెచ్చుకున్నాను. ఒక కబాయికి ఐదు మీటర్ల దాకా పడుతుంది.

దీని ప్రాణమంతా చంక కింద వేసే నలుచదరపు ముక్కలో ఉంది. నాలుగంగుళాల ముక్కను ఏటవాలుగా తిప్పి, ఒళ్లూ చెయ్యీ కలిసే మూలలో అతకాలి. అది ఉంటే చెయ్యి పైకెత్తినా అంగీ కదలదు. లేకపోతే మొత్తం బట్ట పైకి లేచి, నెల తిరక్కుండా చంక దగ్గర చిరుగుతుంది. కొలతలు చూపిస్తే మా వీధి టైలర్, "ఏందబ్బయా, నాటకానికా?" అని నవ్వాడు కానీ ఆ ముక్క చూడగానే, "ఇది మా నాయన చొక్కాలకు వేసేవాడు" అన్నాడు.

కుట్టు విషయానికొస్తే, నూలుదారానికి తేనెమైనం రాసి కుడితే ముడిపడదు. అంచులు లోపలికి మడిచి రెండోసారి కుట్టిన చోట్ల, ఇన్ని ఉతుకుల తర్వాత కూడా ఒక్క పోగు లేవలేదు. అలాగని అంతా చేత్తోనే కుట్టాలని పట్టుబట్టను. లోపలి పొడుగు కుట్లు మిషన్ మీద లాగించినా ఎవరికీ కనపడదు. మెడ, చంకలు, అంచులు మాత్రం చేతికుట్టే.

మే నెల వడగాడ్పుల్లో ఇది హాయి. పైనుంచి కింది దాకా కప్పి ఉన్నా ఎక్కడా ఒంటికి అంటుకోదు. 1514లో రాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న ఉదయగిరి కొండ కూడా దీంతోనే ఎక్కాను. ఎక్కేటప్పుడు కిందంచు నడుముకు దోపుకోవాల్సిందే, లేదంటే ముళ్లకంపకు తగులుకుంటుంది.

కుళ్ళాయిది మాత్రం వేరే కథ. గుడ్డ పొరలకు గంజి పట్టించి ఎండబెడితే మొదట రాయిలా బిగుసుకుంటుంది. మా నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే కదా, ఆ ముసుర్లో కొన వాలిపోతుంది. పైగా గంజికి బొద్దింకలు. బొమ్మల్లో కనిపించేది పైబట్టే కాబట్టి, లోపల టైలర్లు కాలరుకు వాడే బక్రం వేసి అడ్డదిడ్డంగా కుట్టేశాను. ఇక టెన్షన్ లేదు. బరువు తక్కువే, కానీ ఆటోలో తల వంచుకునే కూర్చోవాలి.

రెండూ కలిపే వేసుకోవాలనేం లేదు. తిరుమల గుడి ద్వారం లోపల నిలబడ్డ రాయల విగ్రహం చూడండి: కుళ్ళాయి ఉంది, ఒంటి మీద అంగీ లేదు. అంగీ కొలువుకు, స్వామి ముందు ఉత్త ఒళ్లు. కుట్టడం కొత్తవాళ్లు కబాయితోనే మొదలుపెట్టండి. ముందుగా అరిగేవి అంగీని ముడేసుకునే బొందులు. అదే తానులోంచి నాలుగు పట్టీలు అదనంగా కత్తిరించి దాచుకుంటే, మార్చినప్పుడు తెలుపులో తేడా రాదు.