తిరుపతిలో ఫ్లాట్ కొంటున్నారా? ముందు బాల్కనీ కింద నిలబడి పైకి చూడండి

పోయిన కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే మా అమ్మ బాల్కనీలో తులసి దగ్గర దీపం పెట్టి లోపలికొచ్చింది. తలుపు దగ్గరికేసిందో లేదో, వెనకాల ధడేల్‌మని చప్పుడు. పై ఫ్లాటు బాల్కనీ అడుగు నుంచి అన్నం పళ్లెమంత పెచ్చు ఊడి, అంతకుముందు దాకా అమ్మ కూర్చున్న పీట మీద పడింది. తిరగేసి చూస్తే దాని వెనక కమ్మీ గాట్లు గాట్లుగా అచ్చుపడి ఉంది, అచ్చు పొడవునా ఎర్రటి తుప్పు. పాప స్కేలు తెచ్చి కొలిచాను. పూత పోగా కమ్మీ కింద మిగిలిన కాంక్రీటు 8 మిల్లీమీటర్లు.

రేణిగుంట రోడ్డు వైపు ఈ ఫ్లాట్‌లోకి 2021 జూన్‌లో దిగాం. ఆ నవంబరు వానలకు తిరుపతి సగం మునిగినప్పుడే అక్కడ చెమ్మ మచ్చ కనబడింది. బిల్డరుకు చెబితే, "వానలకు మామూలే సార్, పుట్టీ పెట్టి రంగేసిస్తాం" అన్నాడు. వేశాడు కూడా. మచ్చ కనబడకుండా పోయింది, లోపల తుప్పు మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది.

కొనేముందు నేనూ అందరిలాగే సిమెంటు ఏ కంపెనీది, కమ్మీ ఏ బ్రాండని అడిగాను. రెండూ మంచివే. కానీ ఎంత మంచి కమ్మీ అయినా పైన సరిపడా కాంక్రీటు లేకపోతే తుప్పు పడుతుందని నాకెవరూ చెప్పలేదు. సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 పైనే ఉంటుంది. అది ఉన్నంతకాలం కమ్మీకి తుప్పు రాదు. గాల్లోని కార్బన్ డయాక్సైడు బయట నుంచి కొంచెం కొంచెం లోపలికి పాకి ఆ గుణాన్ని తినేస్తుంది. అది కమ్మీ దాకా చేరిందంటే, చెమ్మ తగిలిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికే పెచ్చులు ఊడేది. అందుకే కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వాన తగిలే చోట కమ్మీ మీద 30 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. ఎండావానా తగలని లోపలి గదుల్లోనైనా 20.

మేం పిలిపించిన ఇంజినీరు పెచ్చు ఊడిన చోట కొంచెం చెక్కి ఏదో మందు చల్లాడు. లోతున కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగింది, కమ్మీ చుట్టూ మాత్రం రంగే రాలేదు, అంటే అక్కడ క్షారగుణం పోయినట్టే. ఆ తర్వాత కమ్మీ ఎంత లోతులో ఉందో చెప్పే కవర్ మీటరు పెట్టి చూసి చెప్పిన మాటకు నాకు చేతులు చల్లబడ్డాయి. గోడ బయటికి వేలాడే బాల్కనీకి అసలు బరువు మోసే కమ్మీలు శ్లాబు పైభాగంలో ఉండాలి. వాటిని ఎత్తి పట్టడానికి కమ్మీని వంచి చేసే ఆసరాలు, అదే 'కుర్చీలు' పెట్టకుండా, కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కేయడంతో అవి అడుగుకు దిగిపోయాయి. పెచ్చు సంగతి సరే, బాల్కనీయే నమ్మడానికి లేదు. ఇప్పుడు కింద జాకీలు పెట్టి ఉంచాం.

శ్లాబు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను, అదే నా బాధ. కాంక్రీటు జారడం లేదని పైపుతో నీళ్లు పట్టడం చూశాను. 50 కిలోల సిమెంటు మూటకు, ఇసుకలో తడితో కలిపి, నీళ్లు 25 లీటర్లు దాటకూడదట. ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక మిగిలేవి సన్నటి రంధ్రాలే, గాలీ చెమ్మా లోపలికి పోయేది వాటిలోంచే. మే నెల ఎండలో శ్లాబు మీద మడులు కట్టి రెండు రోజులు నీళ్లు నిలిపారు, మూడో రోజుకు ఎండిపోయింది. మన ఎండలకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు.

కట్టేసిన ఫ్లాటు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. అదే బిల్డరు ఇంకోచోట శ్లాబు వేసే రోజు, కాంక్రీటు పోయకముందే పొద్దున్నే వెళ్లండి. కమ్మీల కింద ఎత్తు కోసం పెట్టే కవర్ బ్లాకులున్నాయా, కంకర ముక్కలు దోపారా, లేక కమ్మీలు నేరుగా సెంట్రింగ్ రేకుల మీదే పడుకున్నాయా చూడండి. కాంక్రీటు దిమ్మెల బలం 28 రోజులకు పరీక్షించిన క్యూబ్ టెస్టు రిపోర్టులు, బోరు నీళ్లయితే నీటి పరీక్ష రిపోర్టు అడగండి, ఉప్పు ఎక్కువుంటే కమ్మీకి అదే విషం. అతను నాలుగైదేళ్ల క్రితం కట్టిన అపార్టుమెంటుకు వెళ్లి సన్‌షేడ్లు, ట్యాంకు అడుగు, పార్కింగ్ పైకప్పు చూడండి. ఒకచోట మాత్రమే కొత్త రంగు కనబడితే అక్కడ వేళ్ల కణుపులతో తట్టండి, డొల్ల శబ్దం తెలిసిపోతుంది.

ఇప్పటికే దిగినవాళ్లు పుట్టీకి ఒప్పుకోకండి. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకున్న రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం, స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి మనం చెబితే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. నోటిమాటగా వద్దు, ఫోటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మేం పంపినప్పుడు మా గడువుకు ఇంకా ఏడు నెలలే మిగిలుంది.

మా పక్కనే అతనిదే రెండో బ్లాకు లేస్తోంది. పోయిన ఆదివారం వెళ్లి చూశాను, మొదటి అంతస్తు బాల్కనీ కమ్మీల కింద ఒక్క కుర్చీ కూడా లేదు. అందులో ఎవరైనా బుక్ చేసుకుని ఉంటే, శ్లాబు పోసేలోపు దయచేసి ఒక ఇంజినీరును వెంటబెట్టుకుని వెళ్లండి.