పచ్చ లైటు చూసి బిల్లు చెల్లించకండి: ఎమర్జెన్సీ లైట్లు కొనేవాళ్లకు హెచ్చరిక

స్కూలుకో, ఆసుపత్రికో, ఆఫీసుకో ఎమర్జెన్సీ లైట్లు (కరెంటు పోగానే బ్యాటరీతో వెలిగేవి) కొంటున్నా, ఉన్నవాటి ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఎవరికైనా ఇస్తున్నా, సంతకం పెట్టే ముందు దయచేసి ఇది చదవండి.

నేను నిర్వహణ చూసే లైబ్రరీ భవనంలో మెట్లకు, కారిడార్లకు, బేస్‌మెంటుకు కొత్త ఫిట్టింగులు పెట్టించాం. సప్లయర్ పేరు రాయను. మీకు పనికొచ్చేది వాళ్లు ఏం చేశారన్నదే. అప్పగించే రోజు వాళ్ల టెక్నీషియన్ నిచ్చెనెక్కి ఒక్కో ఫిట్టింగ్ టెస్ట్ బటన్ నొక్కాడు, లైటు వెలిగింది, ఫొటో తీసుకున్నాడు, పక్కదానికి వెళ్లాడు. రిపోర్టు నిండా టిక్కులే. కొటేషన్‌లో 3 గంటల బ్యాకప్ అని స్పష్టంగా ఉంది. బిల్లు చివరి వాయిదా ఇచ్చే ముందు, పాఠకులంతా వెళ్లాక, లైటింగ్ ఎమ్‌సీబీలు (బోర్డులో ఒక్కో సర్క్యూట్‌కు ఉండే స్విచ్చులు) దించి పూర్తి సమయం పరీక్ష పెట్టాం. అరగంట తిరక్కుండానే మెట్ల దగ్గరివి మసకబారి ఒకదాని వెంట ఒకటి ఆరిపోయాయి. బేస్‌మెంటులో కొన్ని అసలు వెలగనే లేదు. మళ్లీ కరెంటు ఇవ్వగానే అన్నింట్లోనూ పచ్చ ఎల్ఈడీ వచ్చేసింది.

ఆ పచ్చ చుక్క చెప్పేది ఒక్కటే, బ్యాటరీకి ఛార్జింగ్ అందుతోందని. లోపల ఎంత నిలవ ఉందో దానితో తెలియదు. బటన్ కాసేపు నొక్కితే సగం చచ్చిన బ్యాటరీ కూడా లైటు వెలిగిస్తుంది.

ఒక ఫిట్టింగ్ విప్పించాను. లోపల మూడు సెల్లుల నికెల్ కాడ్మియం ప్యాక్, 3.6 వోల్టులది. దాని మీద తేదీ స్టిక్కర్ మిగతా లేబుల్ కన్నా తెల్లగా ఉంది. గోటితో గీకితే కింద ఇంకో తేదీ, కొన్నేళ్ల పాతది. యాంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ నిలవ సామర్థ్యం, చూస్తే డేటాషీట్‌లో రాసినదాంట్లో సగం కూడా లేవు. మూసిన ఫిట్టింగ్ లోపల వేడి ఎక్కువ కాబట్టి ఎక్కువ ఉష్ణోగ్రతకు తట్టుకునే సెల్లులే వాడాలి. ఇవి మామూలువి. ఈ లైట్ల బ్యాటరీ కనీసం 4 ఏళ్లు పనిచేసేలా ఉండాలని ప్రమాణాలు అంటాయి. ఇలాంటివి ఎన్నాళ్లు నిలుస్తాయి?

వైరింగ్ ఇంకా ఘోరం. మెట్ల దగ్గరి ఫిట్టింగులకు ఛార్జింగ్ లైను కూడా లైటు స్విచ్చి తర్వాత నుంచే లాగారు. ఫిట్టింగుకు నేరుగా, స్విచ్చితో సంబంధం లేని ఫేజు రావాలి. లేదంటే రాత్రి లైట్లు ఆర్పగానే కరెంటు పోయిందనుకుని అది వెలుగుతుంది, రోజూ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది. అన్నీ ఆర్పేశాక కూడా మెట్ల మీద కాసేపు వెలుతురు ఉంటోందని వాచ్‌మన్ అన్నాడు, అదే కారణం. బేస్‌మెంటువి ప్లగ్గుల సర్క్యూట్‌కు కలిపారు. మెయిన్ ఆపితే అవి వెలుగుతాయి, కానీ ఆ కారిడార్ లైట్ల ఎమ్‌సీబీ ఒక్కటే పడిపోతే చుట్టూ చీకటి, ఫిట్టింగుకు మాత్రం అంతా బాగున్నట్టే. కాబట్టి మెయిన్ ఆపి చూపిస్తామంటే ఒప్పుకోకండి. ఏ చోటుకు ఆ చోటు ఎమ్‌సీబీ దించమనండి.

పొగ కమ్మిన మెట్ల మీద చూపు సరిగా ఆనని పెద్దవాళ్లు, చిన్నపిల్లలు దిగాల్సి వస్తే ఈ లైట్లే దిక్కు. అందుకే ఇది నాకు మామూలు నాసిరకం సరుకులా అనిపించడం లేదు.

ల్యూమెన్ల (లైటు ఇచ్చే మొత్తం వెలుతురు కొలత) దగ్గరా జాగ్రత్త. మామూలు ఎల్ఈడీ ప్యానెల్‌కే బ్యాటరీ కిట్ తగిలించి అమ్మేటప్పుడు పెద్ద అంకె చూపిస్తారు. అది కరెంటు ఉన్నప్పటిది. బ్యాటరీ మీద వచ్చేది అందులో కొద్ది భాగమే. ఎమర్జెన్సీ మోడ్‌లో ఎంతో విడిగా రాసివ్వమనండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1838 ప్రకారం బయటికి వెళ్లే దారి నేల మీద కనీసం 1 లక్స్ (ఒక చోట పడే వెలుతురు కొలత) పడాలి, అందులో సగం 5 సెకన్లలోనే రావాలి. లక్స్ మీటర్ నేల మీద పెట్టి చూడండి, బల్ల మీద కాదు.

సమయం విషయానికొస్తే కొన్ని దేశాల్లో 3 గంటలు, అమెరికా అగ్నిప్రమాద భద్రతా నియమావళి ఎన్ఎఫ్‌పీఏ 101లో 90 నిమిషాలు. మీకు వర్తించేది ఏదైనా, 24 గంటలు ఛార్జ్ చేశాక మీ కళ్లముందే చివరిదాకా వెలిగించి చూపించాలి. ఒకేసారి అన్నింటినీ ఖాళీ చేయించకండి, మళ్లీ ఛార్జ్ అయ్యేదాకా భవనానికి రక్షణ ఉండదు. సగం ఒకరోజు, మిగతా సగం ఇంకోరోజు.

ఏఎంసీ ఇచ్చేవాళ్లు నెలనెలా చేసే చిన్న పరీక్ష, ఏడాదికోసారి చేసే పూర్తి పరీక్ష రెండూ ఒప్పందంలో రాయించండి. లాగ్‌బుక్‌లో టిక్కులు ఒప్పుకోవద్దు. ఏ ఫిట్టింగ్ ఎన్ని నిమిషాలు వెలిగిందో అంకె ఉండాలి.

ఇవన్నీ ఫొటోలతో పంపితే సప్లయర్ ఇచ్చిన జవాబు: బ్యాటరీ అరిగిపోయే వస్తువు, వారంటీ వర్తించదు. మా కాగితాల్లో ఆ మాట నిజంగానే చిన్న అక్షరాల్లో ఉంది. మిగతా డబ్బు ఆపాం, బ్యాటరీలన్నీ మార్చి, వైరింగ్ సరిచేసి మళ్లీ పరీక్ష చూపించమని రాతపూర్వకంగా అడిగాం. మీరు ఆర్డర్ ఇచ్చేటప్పుడే బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లో విడిగా ఒక లైను రాయించుకోండి.