పెత్తరమాస నాడు పుట్టిన మా బిడ్డ జాతకం: హన్మకొండ అయ్యగారి దగ్గర చూపించినం

ఇంట్ల అమావాస్య నాడు పుట్టిన పిల్లలుండి, పెళ్లి సంబంధాలు చూస్తున్నోళ్లకు పనికొస్తదని రాస్తున్న. అయ్యగారి పేరు, నంబరు పెట్టొద్దన్నరు, ఫోన్లు ఆగుతలేవట. వేయిస్తంభాల గుడి దిక్కు సందులల్ల అడిగితే ఇల్లు చూపిస్తరు. ఫీజు ఐదు వందలు.

మా బిడ్డ 2000 సెప్టెంబర్ 27న సాయంత్రం పుట్టింది. పెత్తరమాస, ఎంగిలిపూల బతుకమ్మ రోజు. రవి అంటే సూర్యుడు, చంద్రుడు ఇద్దరూ కన్య రాశిలనే ఉన్నరు. కరీంనగర్ సంబంధం వాళ్లు అన్నీ నచ్చినంక జాతకం చూసి గమ్మునైపోయిన్రు. దానికి ముందు ఇంకో చోట చూపించినం. ఆయన కంప్యూటర్ల తేదీ కొట్టి, కాగితం బయటికి రాకముందే అమావాస్య దోషం అన్నడు. శాంతికి ముప్పై ఐదు వేలు చెప్పిండు. లగ్నం, అంటే పుట్టిన గడియల తూర్పున లేస్తున్న రాశి, ఏందో కూడా చెప్పలే. జాతకంల ఇండ్లన్నీ దాని నుంచే లెక్క.

ఈ అయ్యగారు ముందుగాల అడిగింది దవాఖాన చీటి. అండ్ల 6:30 అని ఉన్నది. మా అత్తమ్మనేమో బతుకమ్మలు చెరువుకు పోయినంకనే పుట్టిందంటది. ఆ కాస్త తేడా మీదనే సగం సేపు నడిచింది. ఆరున్నరైతే మీన లగ్నం, రవిచంద్రులు ఏడో ఇంట్ల పడతరు, అది పెళ్లి ఇల్లు. అదే ఏడుంపావైతే మేష లగ్నం, ఇద్దరూ ఆరో ఇంటికి పోతరు, అప్పుడు చెప్పేదే వేరు. అత్తమ్మతోని ఫోన్ల మాట్లాడి, ఏ ఆట మొదలైంది, దీపాలు పెట్టిన్రా లేదా అని అడిగి, ఆఖరికి చీటినే ఖాయం చేసిన్రు.

తర్వాత నోట్‌బుక్కుల చక్రం గీసి నాకే లెక్క చెప్పిన్రు. చంద్రుడు సూర్యుని నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి, అట్ల 30 తిథులు. ఒక్క రాశిల ఉన్నంత మాత్రాన అమావాస్య పుట్టుక కాదు, అది చతుర్దశి కావచ్చు, పాడ్యమి కావచ్చు, విదియ కూడా కావచ్చు. సూర్యునికి వెనుక 12 డిగ్రీల లోపల చంద్రుడు ఉంటేనే అమావాస్య. మా బిడ్డకు ఇద్దరి నడుమ ఐదు డిగ్రీలు కూడా లేవు, కాబట్టి అమావాస్యే. దాన్ని ఆయన కొట్టిపారేయలేదు, అది నాకు నచ్చింది. "క్షీణ చంద్రుడమ్మా, వెలుగు తగ్గిన చంద్రుడు. మనసుల ఉన్నది బయటపెట్టదు, లోపల్లోపలనే నలుగుతది. మీన లగ్నానికి రవి ఆరో ఇంటి, అంటే గొడవల ఇంటి అధిపతి, ఏడుల కూసున్నడు. మొగుడూ పెళ్లాల నడుమ పంతాలు వస్తయ్, ముందే తెలిసి ఉండాలె" అన్నరు. నలిగే ముచ్చట మా పిల్లకు అచ్చం సరిపోయింది.

అసలు ముచ్చట దాని తర్వాత. ఆ రోజు గురుడు, శని ఇద్దరూ వృషభంలనే ఉన్నరు. శని చూపు 3, 7, 10 ఇండ్ల మీద, అండ్ల కన్య రాదు. గురుని చూపు 5, 7, 9 మీద. వృషభం నుంచి నాతోనే వేలు పెట్టి లెక్కపెట్టించిన్రు: వృషభం, మిథునం, కర్కాటకం, సింహం, కన్య. ఐదోది. అంటే గురుని మంచి చూపు రవిచంద్రుల మీద పడ్డట్టే. పైగా మీన లగ్నానికి గురుడే లగ్నాధిపతి. రాహువు మిథునంల, కేతువు ధనుస్సుల ఉన్నరు, రవిచంద్రులతోని కలవలేదు కాబట్టి గ్రహణం భయం కూడా లేదు. ఇంకోటి, ఉత్తర నక్షత్రం గనుక పుట్టినప్పుడు నడిచింది రవి దశ, అంటే రవి ప్రభావం నడిచే కాలం, దాని మీద పదేండ్ల చంద్ర దశ. పన్నెండేండ్లు నిండక ముందే రెండూ అయిపోయినయ్. ఆ ఇద్దరి దశలు దాటినంక వాళ్ల కలయికను పట్టుకొని ఇప్పుడు పెళ్లి ఆపుడేందని ఆయన మాట. ఇది నాకు ఇంకెవ్వరూ చెప్పలే.

నడుమ వరాహమిహిరుని పాత జ్యోతిష గ్రంథం బృహజ్జాతకం నుంచి శ్లోకం చదివిన్రు. రవిచంద్రులు కలిస్తే యంత్రాల పని, రాతి పని తెలిసినోళ్లు అయితరట. మా బిడ్డ బీకాం చేసి ఆడిటర్ దగ్గర పనిచేస్తది. రాయి సంగతి దేవుడెరుగు, యంత్రమంటే ఆ లెక్కలు రాసే టాలీ కంప్యూటరే అనుకోవాలె.

శాంతి గురించి నేనే అడిగిన. పరాశర హోర అనే జ్యోతిష గ్రంథంల అమావాస్య పుట్టుకకు శాంతి చెప్పిన్రు, లేదనను అన్నరు. అయితే ఏదన్న అమావాస్య నాడు గుడిల చేయించుకొని, రవికి గోధుమలు ఎర్రబట్టల, చంద్రునికి బియ్యం తెల్లబట్టల దానమిస్తే చాలన్నరు. నా చేతనే చేయించాలె అనలేదు, రేటు చెప్పలేదు.

నచ్చనివి కూడా ఉన్నయ్. టోకెన్ పద్ధతి లేదు, ముందు ఫోన్ చేసి పోయినా అరుగు మీద చాలాసేపు కూసోవాల్సి వచ్చింది. ఫోన్ మోగితే మాట నడుమల ఆపి ఎత్తుతరు. చెప్పింది కాగితం మీద రాసియ్యరు, నేను సెల్లుల రికార్డు చేసుకుంటానంటే మాత్రం సరే అన్నరు. పిలగాని జాతకంతోని పొంతన చూసుడు వేరే, దానికి మళ్లీ ఐదు వందలు. శుక్రుడు తులల సొంతింట్ల ఉన్నడు గాని ఎనిమిదో ఇల్లు మంచిది కాదంటరు కదా, దాని సంగతేందని అడిగితే పొంతన రోజు చూద్దాం అని దాటేసిన్రు. అందుకే ఒక స్టార్ కోసిన, ఐదుకు నాలుగు.

పోయేటోళ్లు దవాఖాన చీటి తప్పకుండా పట్టుకపోవాలె, అది లేకుంటే పెద్దోళ్లను వెంట తీసుకపోవాలె. అమావాస్య, పున్నమి రోజుల్ల ఇంట్ల దొరకరు. బండి చౌరస్తా దిక్కే పెట్టి నడుసుకుంట పోతే మంచిది, ఆ సందుల కారు తిరగదు.