ఇంజిన్ శుభ్రం: ప్రెషర్ నీళ్లా, చేత్తో బ్రష్షా?

"బండి కడిగించేటప్పుడు ఇంజిన్ మీద కూడా నీళ్లు కొట్టించమంటావా?" కారున్న స్నేహితులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు: వద్దు, చేత్తోనే చేసుకోండి.

ప్రెషర్ నీళ్లతో పని పది నిమిషాల్లో అయిపోతుంది, గడ్డకట్టిన బురద కూడా ఊడొస్తుంది. చిక్కల్లా ఆ నీళ్లు ఎక్కడ దూరతాయన్నదే. కనెక్టర్లలో (తీగలు కలిసే చోట్ల) ఉండే రబ్బరు సీళ్లు వాన తుంపరకు ఆగుతాయి గానీ, దగ్గర్నుంచి కొట్టే ధారకు ఆగకపోవచ్చు. పాతబడి పెళుసెక్కినవైతే మరీను. నా పెట్రోల్ కారుకు ఒకసారి అలాగే కొట్టించాను. దారిలోనే ఇంజిన్ మిస్ కొట్టడం (ఆగి ఆగి కుదుపుతూ నడవడం) మొదలైంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్ పైకి లాగి చూస్తే కింద ప్లగ్ గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ ధారకు రేడియేటర్ రెక్కలు కూడా వంగిపోవచ్చు.

చేత్తో చేస్తే గంటన్నర పడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద చల్లనీళ్లు పడితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తీసుకెళ్లే ఇనుప గొట్టం) పగిలే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, ఆల్టర్నేటర్‌కి (బ్యాటరీని చార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్‌కి, గాలి పీల్చే గొట్టానికి ప్లాస్టిక్ కవర్లు చుట్టండి. ముందు పొడి దుమ్ము, ఎండుటాకులు దులిపేయాలి. తర్వాత డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) బ్రష్‌కి పట్టించి రుద్ది, అది ఆరిపోకముందే తడిగుడ్డతో తుడిచేయాలి.

నన్ను చేతిపని వైపు తిప్పింది మాత్రం నీళ్ల భయం కాదు, లీకులు. ధార కొడితే జిడ్డుతో పాటు అది ఎక్కడిదో చెప్పే ఆనవాలు కూడా కొట్టుకుపోతుంది. గుడ్డతో తుడిచేటప్పుడు ప్రతి మూలా కంటబడుతుంది. వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచున వేలి వెడల్పున నల్లటి ముద్ద కనిపిస్తే తుడిచేశాను. వారం తర్వాత టార్చ్ వేసి చూస్తే అక్కడే తేనెరంగులో ఆయిల్ చెమ్మ. మూత కింద ఆయిల్ కారకుండా ఆపే గాస్కెట్ పోయిందని అప్పుడే తెలిసింది. ఆ ఆయిల్ కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడితే పొగే కాదు, నిప్పు కూడా అంటుకోవచ్చు. గొట్టం బిగింపు దగ్గర ఆరిపోయిన కూలంట్ మరక, ఎలుక కొరికిన తీగ కూడా ఇలా తుడుస్తుంటేనే బయటపడతాయి. మైలేజీ పెరుగుతుందని మాత్రం ఆశపడకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

స్టీమ్ క్లీనింగ్‌లో నీళ్లు తక్కువ కాబట్టి ప్రెషర్ కన్నా నయమే, చేసేవాడు పని తెలిసినవాడైతే. కిరోసిన్, పెట్రోల్ జోలికి పోవద్దు: మంట భయం ఒకటి, రబ్బరు గొట్టాలు పాడవడం ఇంకొకటి. ఇంజిన్‌కి మెరుపు తెచ్చే స్ప్రేలు నేను వాడను, బెల్టు మీద అసలే పడకూడదు.

అంతా ఆరాక, బానెట్ దించేముందు ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. వారం తర్వాత మళ్లీ ఎత్తి చూసినప్పుడు కొత్తగా చేరిన తడి ఎక్కడుందో వాటితో పోల్చుకోవచ్చు.